బండికి ముందు నడిచిన మనిషి

మా వీధి చివర, పంక్చర్లు వేసే కొట్టును ఆనుకుని ఉన్న ఇంటి కింది వాటాలో ఒకాయన ఉండేవారు. ఆయనను అందరూ ముందాయన అని పిలిచేవారు. ఆ పేరు ఆయన చేసే పనిని బట్టి వచ్చింది. కొండదారిలో జీపు ఎక్కుతుంటే, దానికి ముందు, దానివైపే ముఖం పెట్టి, వెనక్కి అడుగులు వేస్తూ నడవడం ఆయన పని. అది కూడా ఒక పనేనా అని అడిగేవారు ఉండేవారు. అదే ఇంటి పై వాటాలో అద్దెకు ఉన్నందువల్ల ఆయన గురించి కొన్ని సంగతులు స్వయంగా చూశాను. మిగిలినవి ఆయన అక్కగారు చెప్పగా విన్నాను. ఎక్కువ తక్కువలు లేకుండా వాటిని ఇక్కడ రాస్తున్నాను.

ముందాయన చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని అక్కగారి పంచన చేరారు. బావగారు అప్పట్లో రాళ్ల క్వారీలో లారీ నడిపేవారు. కొండ అంచు వరకు లారీని వెనక్కి తెచ్చి రాళ్లు దింపాలి. వెనక ఎంత జాగా మిగిలిందో డ్రైవరుకు కనిపించదు. రాళ్లు పగలగొట్టే యంత్రం మోతలో ఎంత అరిచినా వినిపించదు. అందుచేత అంచున ఒక మనిషి డ్రైవరు పక్క అద్దంలో కనిపించేలా నిలబడి చేతులతో సైగలు చేయాలి. ఆ పనికి వచ్చినవారు ఎవరూ ఎక్కువకాలం నిలిచేవారు కాదు. బావగారు విసిగిపోయి, ఇంట్లో ఊరికే కూర్చున్న బావమరిదిని లారీలో ఎక్కించుకుని వెళ్లి అంచున నిలబెట్టారు.

కొద్దికాలంలోనే వారిద్దరి మధ్య మాటలు అక్కరలేని ఒక ఏర్పాటు కుదిరింది. చూపుడువేలు ఎటు వంగితే స్టీరింగు అటు తిరగాలి. పిడికిలి బిగిస్తే బ్రేకు మీద నుంచి కాలు తీయకూడదు. అరచేయి నిలబెట్టి వేళ్లు ఆడిస్తే ఇంకాస్త రావాలి. అదే అరచేయి కదలకుండా నిలిస్తే ఉన్నచోటనే ఆగిపోవాలి. ఈ సైగలు వస్తున్నంతసేపు బావగారు దారి వైపు చూసేవారు కాదు. చేతులనే చూసేవారు. ఎవరైనా ఆశ్చర్యపడితే ఇలా చెప్పేవారు:

"కాసేపు దారి, కాసేపు చేతులు చూసేవాడు రెండూ సరిగ్గా చూడడండీ. అలా చూసినవాళ్ల లారీలు క్వారీ అడుగున ఇప్పటికీ ఉన్నాయి, వెళ్లి చూసుకోవచ్చు."

క్వారీ మూతపడిన తరువాత బావగారు నాలుగు చక్రాలకూ ఇంజను పట్టు ఉండే పాత జీపును కొని, బాగుచేయించి, వారాంతాలలో పట్నపు మనుషులను కొండ మీదికి తీసుకువెళ్లడం మొదలుపెట్టారు. శనివారం ఉదయం బయలుదేరడం, పైన గడ్డి మైదానంలో గుడారాలు వేసుకుని రాత్రి గడపడం, ఆదివారం దిగిరావడం. తారు రోడ్డు కోత మిల్లు దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి పైకి ఉన్నది దారి అనడానికి వీల్లేని దారి. లారీ వెనక నిలబడిన మనిషి జీపు ముందుకు వచ్చారు, అంతే తేడా.

నడుమ ముందాయనకు పెళ్లి అయింది. ఆమె దర్జీ దుకాణంలో కాజాలు కుట్టేవారు. కాపురం ఎక్కువకాలం సాగలేదు. జబ్బు చేసి ఆమె పోయారు. ఆ తరువాతి శనివారం కూడా ఆయన జీపు ముందు నడిచారని అక్కగారు చెప్పారు. వద్దని బావగారు ఎంతో నచ్చజెప్పారట.

"ఇంట్లో కూర్చుని ఎవరి మొహం చూడమంటావు బావా? అక్కడైతే కనీసం నీ మొహమైనా ఉంటుంది," అన్నారట ముందాయన.

ఆ మాటలో వెక్కిరింత ఉన్నా, నిజం అదే. ఆయనకు పిల్లలు లేరు, వేరే ఇల్లు లేదు. ఈ లోకంలో ఆయనకంటూ ఉన్న చోటు జీపు బంపరుకు కొన్ని అడుగుల ముందు ఉండేది.

ఆయన చేతులకు వణుకు ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. మొదట కనిపెట్టింది అక్కగారు. తమ్ముడి చేతిలో టీ తొణకడం చూసి, ఏమీ అనకుండా ఆయన గ్లాసులో సగమే పోయడం అలవాటు చేసుకున్నారు. డాక్టరు నరాల జబ్బు అన్నారు, మాత్రలు ఇచ్చారు, నయమవుతుందని మాత్రం అనలేదు. చేతులు పనిలో కదులుతున్నప్పుడు వణుకు తెలిసేది కాదు. వాటిని ఒకచోట నిలిపి ఉంచితే కొద్దిసేపటికి వేళ్లు ఆడడం మొదలయ్యేది. ముందాయన దానిని ధైర్యంగా తీసుకున్నారు. పనిలో ఉన్నంతసేపు తన చేతులు తన మాట వింటాయని నమ్మారు. తన సైగలన్నింటిలో ఒక్కటి మాత్రం కదలకుండా నిలపవలసినదని ఆయనకు తట్టలేదో, తట్టినా పక్కకు నెట్టివేశారో నేను చెప్పలేను.

నేను వారితో వెళ్లిన శనివారం ఉదయం, జీపులో సామాను సర్దుతుండగా, వంటగదిలో అక్కాతమ్ముళ్ల మధ్య కొన్ని మాటలు జరిగాయి. వాటిని అక్కగారు తరువాత నాకు చెప్పారు.

"ఈసారికి ఇంట్లో ఉండరా."

"ఎందుకక్కా?"

"టీ సగమే ఎందుకు పోస్తున్నానో నీకు తెలీదా?"

"పాలు తగ్గాయేమో అనుకున్నా."

"వేళాకోళం వద్దు. బావకి చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెబుతా."

"చెప్పకక్కా. చెబితే ఆయన నన్ను కూర్చోబెడతాడు. కూర్చుని ఏం చెయ్యను? నువ్వు కూరలు తరుగుతుంటే చూడనా?"

"ఆయనకి మాత్రం కళ్లు లేవా?"

"ఉన్నాయి. నా చేతుల మీదే ఉన్నాయి. వేళ్లు ఆడితే ఆయన దాన్ని జబ్బు అనుకోడు, సైగ అనుకుంటాడు."

ఈ చివరి మాటను ఆయన నవ్వుతూ అన్నారని, ఆ నవ్వు చూసే తాను నోరు మూసుకున్నానని అక్కగారు చెప్పారు.

ఆ ప్రయాణంలో జీపు వెనక భాగంలో మందుల దుకాణం యజమాని, ఆయన భార్య, కాలేజీలో చదివే వారి అమ్మాయి కూర్చున్నారు. నన్ను ముందు సీటులో కూర్చోబెట్టారు. కోత మిల్లు దాటగానే ముందాయన దిగి, ప్యాంటు అంచులు మడిచి, జీపుకు ఎదురుగా నిలబడ్డారు. బావగారు కిటికీలోంచి తల బయటపెట్టారు.

"ఏరా, ఇన్నేళ్లుగా నా బండి ముందు నడుస్తున్నావు, ఒక్కసారైనా నిన్ను తొక్కే అవకాశం ఇచ్చావా?"

"మా అక్క ఒంటరిదైపోతుందని ఊరుకున్నా గానీ, నేనే నిన్ను ఎప్పుడో లోయలోకి పిలిచేవాణ్ని."

అమ్మాయి పకపక నవ్వింది. "అంకుల్, అలా వెనక్కి నడిస్తే పడిపోరా?" అని అడిగింది.

"పడితే మా బావ ఆపుతాడమ్మా. ఆపకపోతే ఇంట్లో ఆయనకి అన్నం పుట్టదు."

"నీకోసం ఆపుతాననుకున్నావా? బంపరు కొత్తది," అన్నారు బావగారు.

దారి మొదటి సగం ఇలాంటి మాటలతోనే గడిచింది. ముందాయన చేతులు గాలిలో ఎంతో తీరుగా కదిలేవి. ఎడమ చక్రానికి ఒక వేలు, కుడి చక్రానికి ఒక వేలు, గుంత ఉంటే మణికట్టు చిన్నగా వంచడం. మడమలకు కళ్లున్నట్టుగా ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరగకుండా రాళ్ల మధ్య అడుగులు వేశారు. బావగారి చూపు ఆ చేతుల మీద నుంచి కదలలేదు. పక్కన కూర్చున్న నేను లోయ చూసి సీటు అంచు పట్టుకున్న చోట కూడా ఆయన తీరిగ్గా ఈల వేస్తూ నడిపారు.

సగం దూరం దాటాక, వాగు పారి దారిని కోసేసిన చోటు ఉంది. దాన్ని వాగు కోత అంటారు. అక్కడ దారి ఒక పక్క బండరాతికి ఆనుకుని ఉంటుంది; రెండో పక్క అంచు విరిగిపోయి ఉంటుంది. బయటి చక్రం ఒక చదును రాయి మీదికి రాగానే ఆగి, స్టీరింగు పూర్తిగా లోపలికి తిప్పి, అప్పుడు ముందుకు రావాలి. స్టీరింగు తిప్పకుండా ఆ రాయి దాటి వస్తే కింద ఏమీ లేదు. జీపు మెల్లగా వచ్చి రాయి మీదికి ఎక్కింది. ముందాయన అరచేయి నిలబెట్టారు.

ఆ అరచేయి ఆగమనే చెప్పింది. కానీ దాని వేళ్లు ఆడాయి.

బావగారు ఎన్నో ఏళ్లుగా చేసినదే చేశారు. వేళ్లు ఆడుతున్నాయి కనుక ఇంకాస్త వచ్చారు. అంచు కూలింది. ముందు చక్రం గాలిలోకి జారి, జీపు ఒక పక్కకు ఒరిగి, అడుగుభాగం రాతికి తగిలి పెద్ద శబ్దంతో ఆగింది. అది ఆగింది కనుకనే ఈ సంగతి రాయడానికి నేను ఉన్నాను. రాతి వైపు తలుపు తీసుకుని ఒక్కొక్కరం దిగాం. మందుల దుకాణం యజమాని భార్య కూతురిని గట్టిగా పట్టుకుని ఏడుస్తూ నిలబడ్డారు.

"ఎటు చూసి నడుపుతున్నావయ్యా? మమ్మల్నందరినీ చంపేసేవాడివి కదా!" అని యజమాని బావగారి మీద విరుచుకుపడ్డారు.

"కాలు జారిందండీ, బ్రేకు మీద నుంచి. తప్పు నాదే," అన్నారు బావగారు.

"కాదండీ, నేను..." అని ముందాయన నోరు తెరిచారు.

"నువ్వు తాడు సంగతి చూడు," అని బావగారు అడ్డుపడ్డారు.

ఆ మాట అంటూ ఆయన బావమరిది వైపు తిరిగారు. ముందాయన చేయి ఇంకా దించలేదు. ఆగమని చెప్పిన అరచేయి అలాగే గాలిలో ఉంది. వేళ్లు ఆడుతూనే ఉన్నాయి. బావగారు దానిని కొంతసేపు చూశారు. ఆ తరువాత తల తిప్పుకుని, బంపరుకు ఉన్న ఇనుప తాడును తానే లాగి ఎదుటి బండరాయికి చుట్టారు. తాడు చుట్టుకునే యంత్రం మూలుగుతూ జీపును పైకి లాగింది. ఇంజనుకు ఏమీ కాలేదు. అక్కడ వెనక్కి తిప్పడానికి చోటు లేనందువల్ల పైకే వెళ్లవలసి వచ్చింది. మిగిలిన దారి అంత కష్టమైనది కాదని చెప్పి, బావగారు ముందాయనను వెనక భాగంలో సామాను మీద కూర్చోబెట్టారు.

పైన మైదానం అందంగానే ఉంది. గాలికి గడ్డి వంగి లేస్తోంది. దూరపు కొండలు ఒకదాని వెనక ఒకటి నీలంగా కనిపిస్తున్నాయి. గుడారాలు వేసేటప్పుడు మేకులు కొట్టడం ఎప్పుడూ ముందాయన పని అట. అవి వంకరపోయాయని వెక్కిరించడం బావగారి పని. ఆ సాయంత్రం మేకులన్నీ బావగారే కొట్టారు.

"నువ్వు కూర్చో. పొద్దుటినుంచి నడిచావు," అన్నారు.

"ఎప్పుడూ నడిచేదే కదా. ఇవాళ కొత్తగా ఏమొచ్చింది?"

"ఏం రాలేదు. కూర్చో నాయనా."

ముందాయన సుత్తి కోసం చాచిన చేతిని వెనక్కి తీసుకున్నారు. "నాయనా ఏంటి బావా? నన్నెప్పుడైనా నాయనా అన్నావా? ఒరేయ్ అను. తిట్టు."

"ఎందుకు తిట్టాలి?"

"చక్రం గాల్లో పెట్టించినందుకు."

"నా కాలు జారిందని చెప్పానుగా."

"క్వారీలో జారని కాలు ఇవాళ జారిందా?"

బావగారు స్టవ్ వెలిగించారు. టీ కాచి అందరికీ గ్లాసులు అందించారు. బావమరిదికి ఇచ్చిన గ్లాసులో సగమే పోశారు. ముందాయన ఆ గ్లాసు వైపు చూసి, అందుకుని, ఒక్క గుక్కలో తాగి, కడగడానికని వాగు వైపు వెళ్లిపోయారు. అమ్మాయి ఎంతో ఉత్సాహంగా ఫొటోలు తీసింది. అందులో ఒకదానిలో ముందాయన చేతులు రెండూ చంకల్లో దాచుకుని నిలబడి ఉన్నారు. చలి వల్లనే అని చూసినవారు అనుకోవచ్చు.

మరునాడు ఉదయం దిగుదల మొదలైంది. తాను నడుస్తానని ముందాయన అన్నారు. సరే అని బావగారు వెంటనే ఒప్పుకున్నారు. అంత సులువుగా ఒప్పుకోవడమే ముందాయనకు అనుమానం కలిగించి ఉండాలి. మొదట వచ్చిన వాలులో మామూలుగానే సైగలు చేశారు. జీపు చక్కగా దిగింది. ముందాయన మాత్రం బావగారి ముఖాన్నే పరిశీలనగా చూస్తున్నారు. ఎన్నో ఏళ్లుగా ఎదురుగా చూసిన ముఖం అది. అందులో కళ్లు ఎక్కడ ఉన్నాయో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

కొంత దూరం పోయాక దారి వెడల్పై, ఎడమ వైపుకు మెలిక తిరిగింది. ప్రమాదం ఏమీ లేని చోటు. కుడి పక్కన పొదలు ఉన్నాయి. ముందాయన స్పష్టంగా, తొందర లేకుండా, ఆ పొదలున్న కుడి వైపుకు వేలు వంచారు.

జీపు దారి వెంట ఎడమకు తిరిగింది.

ఆయన చేయి దించి నిలబడ్డారు. బావగారు బ్రేకు వేశారు. ముందాయన నడిచి వచ్చి కిటికీ పక్కన నిలబడ్డారు.

"ఎటు చూస్తున్నావు బావా?"

"నీ వైపే."

"నేను కుడికి చూపించా. నువ్వు ఎడమకి తిప్పావు."

"కుడి పక్క దారి లేదు కదరా."

"లేదని నీకెలా తెలిసింది?"

బావగారు అద్దం తుడిచే మీట మీద లేని దుమ్మును బొటనవేలితో తుడిచారు. వెనక కూర్చున్నవారికి సంగతి అర్థం కాక, బండి చెడిపోయిందా అని అడిగారు.

"బండి నిండా మనుషులు ఉన్నారురా," అన్నారు బావగారు చివరకు, గొంతు తగ్గించి. "నేనొక్కణ్నే అయితే నీ చేతులే చూసేవాణ్ని."

"ఆ పని మాత్రం చెయ్యకు. అక్క నన్ను గడప తొక్కనివ్వదు."

"వెళ్లు. నడువు. నువ్వు ముందుంటే నాకు ధైర్యంగా ఉంటుంది."

"నా వైపు చూడని మనిషి బండి ముందు వెనక్కి నడవడం నాకు ధైర్యంగా లేదు బావా."

అందులో కోపం ఏ మాత్రమూ లేదు. ఉన్న సంగతిని ఉన్నట్టు చెప్పారు. నేను దిగి వెనక భాగానికి మారాను. ముందాయన ముందు సీటులో కూర్చున్నారు. ఆ దారిలో ఆయన అక్కడ కూర్చోవడం అదే మొదటిసారి. కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు ఇబ్బంది పడ్డారు. వాలు వచ్చినప్పుడల్లా లేని బ్రేకును తొక్కినట్టు ఆయన పాదం నేలను నొక్కడం నేను వెనక నుంచి చూశాను.

వాగు కోత వచ్చింది. బావగారు ఇంజను ఆపి దిగారు. కూలిన అంచు దాకా నడిచి, వంగి చూసి, బూటుతో మట్టిని నొక్కి, చదును రాయి మీద నిలబడి అటూ ఇటూ కొలుచుకుని తిరిగి వచ్చారు. బావమరిదిని ఏమీ అడగలేదు. జీపు కదిలింది. బావగారి కళ్లు దారి మీదే ఉన్నాయి. చక్రం రాయి మీదికి వచ్చింది, నిలిచింది, లోపలికి తిరిగింది, దాటింది. ఒక్క గులకరాయి కూడా లోయలోకి జారలేదు.

"హమ్మయ్య, ఎంత బాగా దాటించారండీ! ఈసారి ఈయన దిగాల్సిన అవసరమే రాలేదు," అన్నారు మందుల దుకాణం యజమాని భార్య.

ఆమె మంచి మనసుతోనే అన్నారు. బావగారు అద్దంలో ఆమె వైపు చూసి తల ఊపారు. ముందాయన కిటికీ వైపు తిరిగి, కోత మిల్లు వచ్చేదాకా అలాగే కూర్చున్నారు.

తరువాతి శనివారం ఉదయం నేను పత్రిక కోసం మెట్లు దిగేసరికి జీపు ఇంటి ముందు సిద్ధంగా ఉంది. వేరే ఎవరో కొత్త జంట అందులో కూర్చుని ఉన్నారు. ముందు సీటు ఖాళీగా ఉంది. ముందాయన ముందు గదిలో మంచం అంచున కూర్చున్నారు. బూట్లు వేసుకుని ఉన్నారు. లేసులు ముడి వేయలేదు.

"ఊరికే పక్కన కూర్చుని రారా. గాలి మారుతుంది," అంటున్నారు అక్కగారు.

"పక్కన కూర్చోడానికి నేనే ఎందుకక్కా? నువ్వు వెళ్లు. ఎప్పుడూ తీసుకెళ్లలేదని సాధిస్తుంటావుగా."

అక్కగారు నవ్వబోయి, కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్లిపోయారు. బయట బావగారు ఒకసారి హారన్ కొట్టారు. కాసేపు ఆగి మళ్లీ కొట్టారు. ఇంజను చాలాసేపు అలాగే మోగుతూ ఉంది. ఆ తరువాత గేరు పడిన శబ్దం వినిపించింది. జీపు వీధి మలుపు తిరిగింది.

ముందాయన నన్ను చూసి బూట్లు మంచం కిందికి లాక్కున్నారు.

"రాత్రి కొండ మీద వాన పడిందాండీ?" అని అడిగారు.

"ఉరుములు వినిపించాయి. పడే ఉంటుంది."

"అయితే ఆ వాగు కోత దగ్గర మట్టి మెత్తబడి ఉంటుంది. బయటి చక్రం నిలవదు."

ఫోన్ చేసి ఆ మాట చెప్పవచ్చు కదా అన్నాను. ఆయన ఫోన్ వైపు చూశారు కానీ అందుకోలేదు.

"అక్కర్లేదులెండి," అన్నారు. "ఇప్పుడాయన దారే చూస్తున్నాడు."